రెండో మోటారు చప్పుడు

ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు బిగించే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఇచ్చిన మంచినీళ్ళయినా తాగకుండా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సబ్ ఊఫర్ ఎక్కడ పెట్టాలి మాస్టారూ?"

జవాబు తేలికే. సబ్ ఊఫర్ అంటే బాస్, అంటే బరువైన చప్పుళ్ళు మాత్రమే పలికే పెట్టె. ఉరుము, డోలు, ఏనుగు అడుగు, ఇవన్నీ దాని వాటా. కంటికి అందంగా ఉన్నచోట కాదు, చెవికి బాగున్నచోట దాన్ని పెట్టాలి. అందుకు ముందుగా పెట్టెని తీసుకెళ్ళి ఇంటాయన కూర్చునే సోఫాలో కూర్చోబెట్టాలి. పాట పెట్టి, మనం మోకాళ్ళ మీద పాకుతూ గదంతా తిరగాలి. ఏ మూల చప్పుడు బొంగురుపోకుండా, బిగువుగా వినిపిస్తే ఆ మూలకి పెట్టెని మార్చి, సోఫా ఇంటాయనకి ఇచ్చెయ్యాలి. అంతే విద్య. గొప్పవాళ్ళ ఇళ్ళల్లో నాలుగు కాళ్ళ మీద పాకడానికి సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు. నేను ఇరవై ఏళ్ళు పాకాను. మోకాళ్ళు అరిగిపోయాయి, చెవులు మాత్రం ఇంకా బాగానే ఉన్నాయి. అవి కూడా పోయుంటే బాగుండుననిపించే రోజులున్నాయి.

నన్నెవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. అది నేను కూడా అడగాల్సిన రోజున అడగలేదు. దానివల్ల ఒక చెరువు పోయింది, ఒక మనిషి బతుకు పోయింది. చెరువు సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మనిషి సంగతి ఇప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మాది ఏలూరు. తివాచీలు నేసే ఇల్లు. మా నాన్న మగ్గం ముందు కూర్చుని ఉన్ని ముడులు వేస్తూ, "తివాచీ పరిచిన ఇంట్లో దొంగ నడిచినా వినపడదురా" అని గర్వంగా చెప్పేవాడు. ఆ పని నాకు అబ్బలేదు. రేడియోలు విప్పడంతో మొదలుపెట్టి, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు దాటుకుంటూ చివరికి హోమ్ థియేటర్ల దగ్గర తేలాను. అయినా ఇంటి విద్య ఊరికే పోలేదు. గోడలకి ఉన్ని దట్టించి, నేలకి తివాచీ పరిచి, గదిలోకి బయటి చప్పుడు చీమంత కూడా రాకుండా చెయ్యడంలో నన్ను మించినవాడు లేడని పేరు వచ్చింది. జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారుల నుంచి కొల్లేటి రొయ్యల రైతుల దాకా నన్నే పిలిచేవారు. ఆ పేరు నా తలకెక్కింది. అది ముందే ఒప్పుకోవాలి.

పన్నెండేళ్ళ కిందటి మాట. కొల్లేటి అంచున ఒక లంక ఊళ్ళో రొయ్యల రైతు ఒకాయన చెరువు గట్టుకు ఆనించి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. అందులో సినిమా చూసే గది ఒకటి కావాలన్నాడు. డాబుకి అడిగేవాళ్ళని చాలామందిని చూశాను. ఈయన సంగతి వేరు.

"నేను ఒక సినిమా పూర్తిగా చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా అండీ సాయిబుగారూ? ఏలూరొచ్చి హాల్లో కూర్చుంటానా, ఇంటర్వెల్లు కాకుండానే ఫోనొచ్చేస్తుంది. మోటారు ఆగిందనో, నీళ్ళు రంగు మారాయనో. మా ఆవిడైతే అన్ని సినిమాల ముగింపులూ పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకుంటుందండి. సినిమాయే మా ఇంటికొచ్చేస్తే నేను చెరువు వదిలి వెళ్ళక్కర్లేదు కదా."

చెరువు వదలకుండా ఉండటానికే ఆయన ఆ గది కట్టించుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజు వాళ్ళింట్లోనే భోజనం పెట్టారు. రొయ్యల చెరువులో నీళ్ళని చిలికే ఏరియేటర్లు ఉంటాయి. మోటారు తిప్పితే చక్రాల్లాంటి రెక్కలు నీళ్ళని కొడుతుంటాయి, రొయ్యకి గాలి అందుతుంది. పంట చివరికొచ్చి రొయ్య పెరిగి కిక్కిరిసి ఉన్నప్పుడు, మబ్బు పట్టి ఎండ లేనప్పుడు, అవి ఒక్క గంట ఆగినా చాలు, చెరువు మొత్తం పోతుంది. మేం అన్నం తింటుంటే బయట ఆ చప్పుడు ఆగింది. నాకసలు తెలియలేదు. రైతు చెయ్యి మాత్రం ముద్ద కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆగిపోయింది. ఆయన భార్య గరిటె పట్టుకుని తల పైకెత్తింది. వాళ్ళ పిల్ల నములుతున్నది ఆపేసింది. ఆ ఇంట్లో ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు. ఒక నిమిషం గడిచాక గట్టు మీద జనరేటరు దగ్గి అందుకుంది, మళ్ళీ నీళ్ళ చప్పుడు మొదలైంది. వెంటనే గరిటె కదిలింది, ముద్ద నోట్లోకి వెళ్ళింది. నాకు లోపల నవ్వొచ్చింది. బొమ్మ ఆగి మళ్ళీ ఆడినట్టుందని ఇంటికొచ్చి మా ఆవిడకి అభినయించి చూపించాను కూడా.

జనరేటరు వేసింది కాపలా మనిషి. గట్టు మీద రేకుల షెడ్డులో భార్యతో ఉండేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. తరతరాలుగా కొల్లేట్లో చేపలు పట్టినవాళ్ళు. సరస్సులో వేట తగ్గిపోయాక ఇతను చెరువు కాపలాకి కుదిరాడు. రాత్రనక పగలనక మోటార్ల చప్పుడు వినడమే అతని ఉద్యోగం. ఆగితే పరుగెత్తి జనరేటరు వెయ్యాలి.

గది తయారైంది. తెర, స్పీకర్లు అన్నీ కుదిరాయి. ఊఫరే కుదరలేదు. ఏ మూల పెట్టినా పాట వెనకాల సన్నగా ఒక గుర్రు వినిపిస్తోంది. ఎర్తింగు సరిగ్గా లేకపోతే అలాంటి హమ్ వస్తుంది. ఉప్పూ బొగ్గూ వేయించి కొత్త ఎర్తు గుంట తవ్వించాను. పోలేదు. వైర్లన్నీ మార్చాను. పోలేదు. పెట్టె ఆపేసి ఒకసారి గదినే వింటే పోయేది. ఆ బుద్ధి నాకు రెండు రోజులైనా పుట్టలేదు. పేరున్నవాడి తప్పులు ఇలాగే ఉంటాయి.

రెండో రోజు మధ్యాహ్నం నేను గోడవారగా పాకుతుంటే కిటికీలోంచి ఎవరో అడిగారు.

"ఏం పారేసుకున్నారండీ సాయిబుగారూ?"

కాపలా మనిషి. చేతిలో మేత బకెట్టు.

"చప్పుడు వెతుకుతున్నానయ్యా. ఎక్కడిదో ఒక గుర్రు, అంతు చిక్కట్లేదు."

అతను కాసేపు విన్నాడు. వినేటప్పుడు అతని కళ్ళు కిందికి వాలిపోయేవి.

"అది మీ పెట్టెది కాదండి. మా రెండో మోటారు. బేరింగు అరిగింది. వారం నించీ చెబుతూనే ఉన్నాను."

నేను పెట్టె ఆపి గోడకి చెవి పెట్టాను. అక్షరాలా నిజం. చెరువులో వరుసగా ఉన్న ఆరు ఏరియేటర్లలో ఏది నీరసంగా ఉందో గట్టు మీద కూర్చుని చెప్పేసే చెవి అది. నా చెవి గొప్పదని నేననుకుంటున్నాను, అతని ముందు అది బధిరుడి చెవి. ఆ సాయంత్రం షెడ్డు ముందు కూర్చుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నా పాత వ్యాను సైలెన్సరుకి చిల్లి పడిందని కూడా అతనే చెప్పాడు. చూపించుకుంటే నిజంగానే ఉంది, బాగుచేయించడం మాత్రం వాయిదా వేశాను. పనిలో పడ్డాక నాకు దొరికిన స్నేహితులు తక్కువ. అతను స్నేహితుడే అనుకున్నాను.

చప్పుడు ఎక్కడిదో తెలిసింది కాబట్టి దాన్ని రాకుండా చెయ్యడమే మిగిలింది. చెరువు వైపు కిటికీకి ఇటుక కట్టించి, లోపల ఉన్ని దట్టించి, ప్లైవుడ్డు కొట్టించాలని నిర్ణయించాను. తలుపు అంచుల చుట్టూ రబ్బరు.

రైతు భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ కిటికీ ఒక్కటీ ఉంచెయ్యండి అన్నయ్యగారూ."

"కిటికీ ఉంటే ఆ మోటార్ల గోలంతా లోపలికి వచ్చేస్తుందమ్మా."

"అది గోల కాదండి. అది వినపడకపోతే నాకు నిద్ర కూడా పట్టదు."

"ఇది నిద్రపోయే గది కాదు కదమ్మా" అని నవ్వాను. రైతు కూడా నవ్వాడు. "ఆయన పని ఆయన్ని చెయ్యనియ్యవే" అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషి కాదు.

పనిలో పనిగా ఇంకో రెండు తెలివైన పనులు చేశాను. కరెంటు పోయినా బొమ్మ ఆగకూడదని ఇంటికి తనంతట తనే అందుకునే జనరేటరు పెట్టించాను. అది అందుకునేలోపు రెప్పపాటు కూడా పోకుండా యూపీఎస్ బిగించాను. చెరువు లైను వేరు, చెరువు జనరేటరు పాతది, చేత్తో తిప్పాల్సిందే. అలాగే ఫోను దగ్గర్లో ఉంటే ఆంప్లిఫయర్లో టిక్కుటిక్కుమని వస్తుంది కాబట్టి ఫోన్లన్నీ బయట హాల్లో బుట్టలో పెట్టి రావాలని నియమం పెట్టాను. చప్పుడు, దీపాలు ఆరడం, ఫోను. ఆ కుటుంబానికి చెరువు నుంచి కబురు వచ్చే దారులన్నీ నేనే వరుసగా ఒకదాని తర్వాత ఒకటి మూసేశాను. అప్పుడు మాత్రం అది పనితనం అనుకున్నాను.

ఆ గదిలో మొదటి సినిమా వేసింది ఒక ఆదివారం. మూడు రోజులుగా ముసురు. పట్టుబడికి ఇంకో వారం ఉంది, రొయ్య బాగా ఎదిగింది. ఇంటివాళ్ళు, బంధువులు, మేత వేసే పనివాళ్ళు ఇద్దరు, అందరూ భోజనాలు చేసి లోపల కూర్చున్నారు. కాపలా మనిషి ఒక్కడే గట్టు మీద ఉన్నాడు. వాళ్ళావిడ సంతకి వెళ్ళింది.

అతను రాకపోతే నాకు వెలితిగా అనిపించింది. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరికీ మంచి బాస్ ఏదో చెడ్డ బాస్ ఏదో తెలియదు. చప్పుడు గట్టిగా ఉంటే చాలు వాళ్ళకి. నేను చేసిన పనిని తూచగలిగిన చెవి ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది, అది బయట వర్షంలో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. గొడుగు వేసుకుని వెళ్ళాను.

"వచ్చి ఒక్కసారి వినవయ్యా."

"మోటార్లున్నాయండి. ముసురు కూడానూ."

"పది నిమిషాలే. నువ్వు బాగుందంటే నాకు చాలు."

"అయ్యగారు ఏవైనా అంటారేమోనండి."

"నేను చూసుకుంటాను. పూచీ నాది."

ఆ మాట నమ్మి అతను లేచాడు. కాళ్ళు కడుక్కుని, గోనెపట్టా గుమ్మం బయట మడిచి పెట్టి, తలుపు పక్కన తివాచీ మీద గొంతుక్కూర్చున్నాడు. నేను తలుపు వేశాను. రబ్బరు మెత్తగా అతుక్కుంది.

సముద్రం సినిమా. తుఫాను వచ్చే ఘట్టంలో ఊఫర్ పలికితే అతని చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. నా వైపు తిరిగి నవ్వాడు. "కొల్లేరు పొంగినప్పుడు ఇలాగే ఉండేదండి" అన్నాడు. నా జీవితంలో అంతకంటే గొప్ప మెప్పు ఇంకెవరూ ఇవ్వలేదు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మధ్యలో ఒకసారి అతను లేవబోయాడు. నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు వాల్చి, "ఏదో తేడాగా ఉందండి" అన్నాడు.

"పెట్టె అదరడమయ్యా అది. కూర్చో. ఈ ఘట్టం అయిపోనీ" అని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

ఆ భుజం ఇప్పటికీ నా చేతికి తెలుస్తూ ఉంటుంది. గోనెపట్టా కిందనుంచి దిగిన చెమ్మ, దాని కింద ఎముక.

ఇంటర్వెల్లు వచ్చింది. రైతు లేచి, ఒళ్ళు విరుచుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ తలుపు తీశాడు. బయట వాన చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. ఈసారి నాకు కూడా వినపడింది, ఆ లేని చప్పుడు.

కాపలా మనిషి అప్పటికే గుమ్మం దాటేశాడు. జనరేటరు అందుకుంది, రెక్కలు తిరిగాయి. తిరిగి లాభం లేకపోయింది. చెరువు లైనులో ఒక ఫేజు పోయి మోటార్లు ఆగి గంట పైన అయిందట. పక్క చెరువువాళ్ళు మొదట ఫోన్లు చేశారు, అవి హాల్లో బుట్టలో మోగి మోగి ఆగాయి. తర్వాత వచ్చి వీధి గేటు కూడా కొట్టారట. రొయ్య మొత్తం ఒడ్డుకు చేరి, నీళ్ళ పైకి తేలి, కొంచెం సేపు గెంతి, తెల్లబడి అడుక్కి దిగిపోతోంది. కొంగలు అప్పటికే గట్టు పొడుగునా వరుసగా నిలబడ్డాయి. ఊళ్ళో వాళ్ళంతా వలలు తెచ్చి దిగారు. చచ్చిన సరుకు గట్టు మీద కుప్పలు పోస్తుంటే రైతు భార్య వానలో నిలబడి చూసింది. ఏడవలేదు. నన్ను చూడలేదు. ఇటుక కట్టిన కిటికీ వైపు మాత్రం ఒకసారి చూసింది.

చీకటి పడకముందే అంతా తేలిపోయింది. రైతు కాపలా మనిషిని పిలిచాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"గట్టు వదిలి నిన్ను లోపలికి రమ్మన్నదెవరు?"

అతను నా వైపు చూశాడు. నిష్ఠూరంగా కాదు. ముందు పెద్దవాళ్ళు మాట్లాడతారని ఆగినట్టు ఆగాడు. నా చేతిలో ఒక వైరు చుట్ట ఉంది. దాన్ని విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాను. రైతు బావమరిది ఇంట్లో ఒక గది, ఆయన స్నేహితుడి ఇంట్లో ఇంకో గది నాకు చెప్పి ఉన్నాయి. ఆ పంట పోయిన పాపం నా మెడకు చుట్టుకుంటే ఈ చుట్టుపక్కల నన్నెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. ఇవన్నీ తర్వాత నేను చెప్పుకున్న కారణాలు. ఆ క్షణాన ఏ కారణమూ లేదు, భయం తప్ప. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"తప్పైపోయిందండి" అన్నాడు అతను చివరికి.

"ఈ గట్టు మీద మళ్ళీ కనపడకు."

నేను నా సామాను సర్దుకుని, వ్యానులో వేసుకుని చాలాసేపటికి బయలుదేరాను. ఊరి బయట మలుపు తిరిగితే బస్టాపు. రేకు కింద అతనూ, సంత నుంచి వచ్చిన వాళ్ళావిడా నిలబడి ఉన్నారు. పక్కన వంటసామాను మూట. నా చూపు రోడ్డు మీదే పెట్టుకున్నాను. వాన పడుతోంది కాబట్టి వాళ్ళు నన్ను గుర్తుపట్టి ఉండరని ఏలూరు చేరేదాకా చెప్పుకున్నాను.

కొన్ని నెలల తర్వాత రైతు కబురు పంపితే వెళ్ళాను. ఆ గది నిండా మేత బస్తాలు. కిటికీ ఇటుక పగలగొట్టి మళ్ళీ తెరిచారు. ఊఫర్ బస్తాల కింద ఉంది, దాని మీద ఎవరో పార పెట్టారు. "ఎవరికైనా ఇచ్చెయ్యండి సాయిబుగారూ, దాన్ని చూడలేకపోతున్నాం" అన్నాడు రైతు. మనిషి సగమైపోయాడు. తర్వాత, "ఆ వెధవ గట్టు మీదుండి ఉంటే ఇదంతా జరిగేదా అండీ" అన్నాడు.

చెప్పాలనే వెళ్ళాను ఆ రోజు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన ఆ మాట అనగానే తల ఊపాను. నోటితో అబద్ధం ఆడలేదు, తలతో ఆడాను.

ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఈ పని చేశాను. అయితే ఏ ఇంటికి వెళ్ళినా కొలిచే టేపు తియ్యకముందే ఒకటి అడిగేవాణ్ణి. ఈ ఇంట్లో ఏ చప్పుడు వినపడకపోతే మీకు భయం? కొందరు నవ్వేవారు. పెదవేగిలో ఒకావిడ మంచం పట్టిన అత్తగారి దగ్గు అని చెప్పింది. ద్వారకా తిరుమలలో ఒకాయన దూడని చూపించాడు. ఆ చప్పుడు రావడానికి దారి వదిలి గది కట్టేవాణ్ణి. బాస్ కొంచెం కారిపోయేది, కారనిచ్చేవాణ్ణి. మీరూ అడగండి. అడిగితే మీకు మేలు. నా విషయంలో మాత్రం చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. కాలింది నా చేతులు కూడా కావు.

పని మానేసిన ఏడాది, తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి తిరిగి వస్తూ ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర ఆగాను. వీపు మీద బస్తాతో ఒక మనిషి లారీ దగ్గరినుంచి వస్తున్నాడు. బస్తా కింద తల కనపడలేదు. నేను కొట్టువాడితో బేరమాడుతున్నాను. ఆ మనిషి ఆగిపోయాడు. బస్తా దించి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"సాయిబుగారా అండీ? గొంతు విని ఆగాను. బాగున్నారా?"

జుట్టు ముగ్గుబుట్టయింది. టీ తాగుదామని నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. కొల్లేటి చెరువుల మీద ఆ తర్వాత అతన్ని ఎవరూ కాపలాకి పెట్టుకోలేదట. చెరువు చంపినవాడని పేరు పడింది. ఏ గట్టుకి వెళ్ళినా పేరు ముందే వెళ్ళేదట. "అక్కడ చప్పుళ్ళు ఇంకా కల్లోకి వస్తాయండి. ఇక్కడ వినడానికి ఏం లేదు, మొయ్యడమే" అన్నాడు, అదేదో వాతావరణం గురించి చెబుతున్నట్టు.

నేను అన్నేళ్ళుగా మోస్తున్న మాట అక్కడ దించాను. మొదటిసారి అతన్ని మీరు అన్నాను.

"ఆ రోజు మిమ్మల్ని లోపలికి పిలిచింది నేను. లేవబోతే కూర్చోబెట్టింది నేను. వెళ్ళి ఆయనకి చెప్పేస్తాను. రేపే వెళ్తాను."

"ఎవరికి చెబుతారండీ? ఆయన తర్వాత వేసిన రెండు పంటలూ కలిసిరాలేదు. చెరువు, ఇల్లు అన్నీ ఇచ్చేసి ఎటో వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో ఇప్పుడు నన్ను ఎరిగినవాళ్ళే లేరు."

"మీరైనా ఆ రోజు చెప్పాల్సింది కదా, సాయిబు పిలిచాడని."

"మీరు పూచీ అన్నారు కదండీ. మీరే చెబుతారనుకున్నాను."

టీ చల్లారిపోయింది. అతను గ్లాసు కిందపెట్టి, తలపాగా చుట్టుకుంటూ, నన్ను ఓదారుస్తున్నవాడిలా మెల్లగా చెప్పాడు.

"ఆ రోజు బస్టాపులో రెండు బస్సులు వదిలేశామండి. మీరు చెబుతారు, ఆయన కబురంపుతారు అని. ఇంతలో మలుపు అవతల మీ వ్యాను చప్పుడు వినపడింది. ఆ సైలెన్సరు నాకు తెలుసు కదండీ. లేవే, సాయిబుగారు మనకోసమే వస్తున్నారు అన్నాను. మా ఆవిడ మూట నెత్తిన పెట్టేసుకుంది. మీరు దాటి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు దించలేదండి."